సబ్బుకు లొంగని సాక్షి

నేను ఒక నేత పంచెను. అలాంటిలాంటి పంచెను కాను. తుని చుట్టుపక్కల ఊళ్లలో నాటకం అంటే హార్మోనియం గంగరాజు, గంగరాజు అంటే నేను. మగ్గం దిగి ఆయన నడుం ఎక్కిన నాటి నుంచి పదేళ్లు నా మీద ఒక్క మరక పడలేదు. పద్యానికి చప్పట్లు కొట్టిన జనం నా తెల్లదనానికే కొట్టారని ఇప్పటికీ నా నమ్మకం.

గంగరాజు పోయాక ఆయన భార్య పార్వతాలు నన్ను ఎవరికీ ఇవ్వలేక, డాబా మీద వడియాలపై కప్పే గుడ్డగా మార్చింది. వడియాలు పెట్టి దుకాణాలకు వేయడమే ఆవిడ బతుకుతెరువు. కాకి గాని, ఈగ గాని నన్ను దాటి వడియం మీద వాలలేదు. చిన్న ఉద్యోగమే అయినా దర్జాగా చేశాను.

ఒక వేసవిలో హైవే వెడల్పు చేయడానికి ఇంటి వెనకాలే తారు కలిపే ప్లాంటు పెట్టారు. పగలంతా నల్లటి పొగ. నలభై రోజుల్లో నా ఒళ్లంతా జిడ్డు చుక్కలు. వాసనను ఆపడం నా వల్ల కాలేదు. తారు కంపు కొడుతున్నాయని దుకాణాల వాళ్లు వడియాలు తిప్పి పంపారు. పారెయ్యడానికి చేతులు రాక పార్వతాలే వేయించుకుని తింది. ఎడతెగని దగ్గు పట్టుకుంది. చివరికి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాయించింది.

గాలిని కొలిచే మిషనుతో అధికారులు వస్తున్నారని తెలిసింది. ప్లాంటు వాళ్లు ఆ రోజుకు పొగ ఆపేశారు. కోడలు లోవకుమారేమో, పెద్దవాళ్ల కంట మురికిగుడ్డ పడితే పరువు పోతుందని నన్ను సబ్బునీళ్లలో నానబెట్టి బండకేసి బాదింది. రెండు సబ్బులు అరిగిపోయాయి గాని నా మీద ఒక్క చుక్క కదల్లేదు. తెల్లదనం తప్ప వేరే గొప్ప ఎరగని నేను, వాళ్లు దాచిన పొగ నా ఒంటి మీద మిగిలిందని మొదటిసారి నా మరకలు చూసుకుని మురిసిపోయాను.

మిషను గాలి బాగుందని తేల్చింది. మిషనుతో వచ్చిన ఇంజినీరమ్మ కాగితం మీద అదే రాయబోతుంటే పార్వతాలు నన్ను దండెం మీంచి లాగి ఆవిడ ముందు పరిచింది.

"మీ మిషను ఇయ్యాల ఒక్కరోజే సూసిందమ్మా. ఇది నలభై రోజులు సూసింది."

ఇంజినీరమ్మ కత్తెర అడిగి, నాలో సగం కోసి పట్టుకెళ్లింది. రెండు వారాలకు తిరిగొచ్చి సంగతి చెప్పింది. ఆ జిడ్డులో ఉన్నవి పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లట. తారు, నూనెలు సరిగ్గా కాలకపోతే ఆ పొగలో పుడతాయట. నీళ్లలో కరగవట. వాటిలో కొన్ని క్యాన్సర్ కూడా తెస్తాయట. ప్లాంటు ఆపెయ్యమన్న ఉత్తర్వు ఆవిడ చేతిలోనే ఉంది. అందులో సాక్ష్యం అన్నచోట 'పాత పంచె, సగం ముక్క' అని రాశారు. ఏ పట్టుచీరకు దక్కింది ఇంత గౌరవం?

పార్వతాలు మాత్రం నవ్వలేదు.

"గుడ్డ మీదే ఇంతుంటే, నా గుండెల్లో ఎంతుంటాదమ్మా?"

ఇంజినీరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రేపు ఆసుపత్రికి వెళ్దాం పిన్నిగారూ, నేనూ వస్తాను" అంది.

సగమే మిగిలిన నేను దండెం మీద నుంచి అంతా విన్నాను. నా గర్వం ఎక్కడికీ పోలేదు, సాక్ష్యం చెప్పాను, పొగ ఆపాను. కానీ ఆ నలభై రోజులూ నేను కప్పింది వడియాలనే. పక్కన కూర్చుని కాకుల్ని తోలిన మనిషిని ఎవరూ కప్పలేదు.