కవరు విప్పని లైఫ్ జాకెట్లు

కొత్త వస్తువు మాసిపోతుందంటే మా ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో రిమోట్‌కి కవరు, సోఫాకి ప్లాస్టిక్ కవరు. ఎండాకాలం లేవబోతే సోఫా మనల్ని ఓ పట్టాన వదలదు. అది ఇంటి గోల, సర్దుకుపోయాను. జలాశయంలో ఆయన నడిపే పడవలో లైఫ్ జాకెట్లకి కూడా అదే మర్యాద! కొన్నప్పటి టేపు ఊడకుండా సీట్ల కింద వరసగా పేర్చారు.

"ఎవరైనా పడితే?" అని నేను టికెట్లమ్మే కిటికీలోంచి రోజూ అడిగేదాన్ని.

"పడితే అప్పుడు విప్పుదాం. ఇప్పట్నుంచే చెమట కంపు పట్టించడం దేనికి?"

ఒళ్లు మండేది, భయమూ వేసేది. ఏదో ఒకరోజు ఎవరి బిడ్డో నీళ్లలో పడుతుంది, ఈయన టేపు గీకుతూ కూర్చుంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ ఉద్యోగమంతా ఈత నేర్పడంలోనే గడిచింది.

"మాటలెందుకే, నేను చూసుకుంటాగా" అంది.

తనిఖీ అధికారి వచ్చిన ఉదయం అమ్మ కూడా శాలువా కప్పుకుని మాతోపాటు పడవెక్కింది. ఆ శాలువా కింద ఏముందో నాకు తెలుసు, టేపు కోసింది నేనే. అధికారి సీట్ల కింద తళతళలు చూసి మెచ్చుకున్నారు. మా ఆయన పొంగిపోయారు.

"సరే, ఎవరైనా పడ్డారనుకోండి, ఏం చేస్తారు?" అన్నారు అధికారి.

"అనుకోవడమెందుకూ?" అంటూ అమ్మ దబ్బున నీళ్లలోకి దూకేసింది.

మా ఆయన ఒక జాకెట్ లాగారు. గోళ్లతో గీకారు, పళ్లతో కొరికారు. కవరు చిరగలేదు. అది పక్కన పారేసి, "అత్తయ్యగారూ!" అని అరుస్తూ బూట్లతో సహా దూకారు. ఈత వచ్చిన మనిషే, కంగారులో నీళ్లు మింగేశారు. ఈలోగా శాలువా జారిపోయింది. నారింజ రంగు జాకెట్‌లో హాయిగా తేలుతున్న అమ్మ అల్లుడి కాలరు పట్టుకుంది.

"విసరాల్సింది తాడు అల్లుడుగారూ, మిమ్మల్ని మీరు కాదు."

ఆయన అమ్మ మెడ పట్టుకుని వేలాడుతుంటే తాడు నేను విసిరాను. పైకొచ్చాక కూడా ఆయన అమ్మ చెయ్యి వదల్లేదు. "మీరు పోయారనుకున్నాను అత్తయ్యగారూ" అని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను కొంగుతో ఆయన తల తుడిచాను.

కవర్లు విప్పేదాకా పడవ కదలకూడదన్నారు అధికారి. ఆ సాయంత్రమే మా ఆయన కత్తెర పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు జాకెట్ బెల్టు తన చేత్తో బిగిస్తేగాని ఎవర్నీ కూర్చోనివ్వరు. ఇంట్లో రిమోట్ కవరు, సోఫా కవరు కూడా పోయాయి.

ఒక్క కవరు మాత్రం మిగిలింది. నీళ్లలో అత్తగారి మెడ పట్టుకుని వేలాడుతున్న అల్లుడి ఫొటో ఒకటి అధికారి తీశారు. అమ్మ దాన్ని అడిగి తెచ్చుకుని, ప్లాస్టిక్ కవరు తొడిగి మా హాల్లో తగిలించింది. మాసిపోకూడదట.