పలక కింది తుప్పు

వానాకాలం పోగానే కారు గొట్టాలన్నీ స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడడం నాకు అలవాటు. ఆ రోజూ అదే చేస్తున్నాను. ఖంగుమంటూ వచ్చిన చప్పుడు సీటు వెనక అడ్డగొట్టం దగ్గర డొల్లబోయింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది.

ఇంటి వెనక షెడ్డులో ఆరేళ్లు కట్టిన కారది. అస్థిపంజరమంతా ఉక్కు గొట్టాలే. వెల్డింగ్ మా ఆయనది. ఒక గొట్టం చివర ఇంకో గొట్టం ఒంపులో సరిగ్గా కూర్చునేలా ఆకురాయితో అరగదీయడం నాది. నూట పన్నెండు చివరలు. నా కుడి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఉక్కు గొట్టాల్ని తుప్పు లోపలినుంచి తినేస్తుందని తెలుసుకుని, ఒక్కోదానికి చిన్న రంధ్రం పెట్టించి వేడి నూనె పోసి, అటూ ఇటూ తిప్పి వంపేసి, ఆ రంధ్రాలు ఆయన వెంటపడి మూయించింది కూడా నేనే.

కారు పూర్తయిన రోజు చూడ్డానికి వచ్చినవాళ్లతో ఆయన, "ఆరేళ్లు ఒంటిచేత్తో కట్టానండీ" అన్నాడు. పక్కనే ఉన్న నన్ను చూసి ఎవరో మర్యాదకి, "మరి మీరేం చేసేవారమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు.

"పాపం, వేళకి టీలు అందించేది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మర్నాడు సీటు వెనక గొట్టం మీద ఇత్తడి పలక వెలిసింది. దాని మీద ఆయన పేరు ఒక్కటే ఉంది.

డొల్ల చప్పుడు వచ్చింది ఆ పలక దగ్గరే. విప్పి చూస్తే కింద నాలుగు స్క్రూ రంధ్రాలు. పైకప్పు లేని కారాయె, రెండేళ్ల వాన వాటిలోంచి దిగి, బయటికి దారిలేక గొట్టం అడుగున నిలిచింది. స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే చాలు, నానిన అట్టలా లోపలికి దిగిపోయింది. ఆయన్ని పిలిచాను.

"పైపు పెట్టి కడిగావుగా, అందుకే" అన్నాడు, జవాబు జేబులో పెట్టుకుని వచ్చినట్టు.

"కడిగితే నీళ్లు లోపలికెలా వెళ్తాయండీ?"

"నాకేం తెలుసు?"

"నాలుగు దారులున్నాయి. మీరే పెట్టారు." పలక ఆయన చేతిలో పెట్టాను.

పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "సరేలే, పుట్టీ కూరి రంగేస్తే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

"సీటు బెల్టులు బిగించింది ఈ గొట్టానికే కదా. బ్రేకు కొట్టినప్పుడు వాటికి తెలుస్తుంది."

ఇక ఆయనతో వాదించలేదు. గ్రైండరు తీసి నేనే కోసేశాను. గొట్టం వంపితే గుప్పెడు ఎర్రటి పొడి నేల మీద పడింది. ఒళ్లు మండిపోయింది. నేను నూనె పోసి కాపాడిన గొట్టానికి తన పేరు కోసం తూట్లు పొడిచాడు, నాతో ఒక్క మాటైనా అనకుండా. అడిగితే వద్దంటానని కాదు, అడగాలని తట్టనే లేదు.

కొత్త గొట్టం తెచ్చాం. రెండు చివరలూ అరగదీశాను, ఆయన అతికాడు, నూనె పోశాం, మూశాం, రంగేశాం. ఆ నాలుగు రోజులూ నేను ఎదురుచూసింది ఒక్కదానికే: పలక మీద నా పేరు కూడా రాయిద్దామని ఆయన తనంతట తాను అంటాడేమోనని. నేనుగా అడిగి వేయించుకోవడానికి మనసొప్పలేదు.

రంగు ఆరాక ఆయన గుడ్డతో పలక తుడుస్తూ వచ్చాడు.

"నువ్వన్నదే నిజం. తప్పు నాదే" అన్నాడు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి ఆయన కూడా మెత్తబడ్డాడు.

"ఈసారి రంధ్రాలు పెట్టనులే. గమ్ముతో అంటిస్తా."

తన పేరొక్కటే ఉన్న ఆ పలక వెనక గమ్ము పూసి గొట్టం మీద ఆనించాడు. నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు.

"పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకో, కదలకూడదు. ఈలోపు నేను టీ పెట్టుకొస్తా" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆ వంగని బొటనవేలితోనే, పది నిమిషాలూ పట్టుకున్నాను.