వేలాడే దారాలు

వేలాడే దారం కనబడితే మా ఆయన చెయ్యి ఊరుకోదు. దర్జీ పనిలో నలభై ఏళ్లుగా ఉన్న మనిషి కాబట్టి కొట్టులో సరే. బస్సులో ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి కాలరుకి వేలాడుతున్న పోగు కత్తిరించి తిట్లు తిన్న ఘనుడు కూడా ఆయనే. ఆ బుల్లి కత్తెర ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది.

మా అమ్మాయి గుడ్డలతో బొమ్మలు చేస్తుంది. ఆయన దాన్ని బొత్తాం అని పిలుస్తారు. ఇన్నాళ్లకి ఒక గ్యాలరీ వాళ్లు పిలిచి, ఇంకో ఇద్దరితో కలిపి దానికీ చోటిచ్చారు. చెప్పుల కొట్టు పైన రెండు గదులు, అంతే. ఎదురుగోడ మాత్రం దానిదే. నాన్న కొట్టులో మిగిలిన ముక్కలన్నీ ఏరుకెళ్లి, ఎవరికీ చూపించకుండా ఎనిమిది నెలలు కూర్చుని నిలువెత్తు గౌను కుట్టింది.

"నాన్న వస్తాడంటావా అమ్మా? బాగుందంటాడా?" అని పదిసార్లు అడిగింది. ఊళ్లో వాళ్లందరూ మెచ్చుకున్నా దానికి ఆ ఒక్క మాటే కావాలి.

ఆయనేమో, "పీలికలు చూడ్డానికి కూడా జనం వస్తారటే?" అని వెటకారం. అంతా పైపైనే. ప్రదర్శన మొదలయ్యే రోజు చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకుని, గంట ముందే నన్ను లాక్కుపోయారు.

అమ్మాయి పేర్ల కార్డులు తేవడానికి కిందికి వెళ్లింది. నేను పక్కగదిలో మట్టి కెటిళ్ల దగ్గర ఆగిపోయాను. ఒక్కదానికీ కొమ్ము లేదు.

"వీటితో టీ ఎలా పోస్తారు నాయనా?"

"పోయరండీ," అన్నాడు వాటిని చేసినతను, చాలా మర్యాదగా.

ఇంతలో ఎదురుగోడ వైపు నుంచి కచకచమని చప్పుడు. వెళ్లి చూద్దును కదా, ఈయన స్టూలెక్కి ఉన్నారు. గౌను ప్రతి కుట్టుకీ వదిలిపెట్టిన జానెడేసి దారాలన్నీ తెగి నేల మీద పడి ఉన్నాయి.

"పిల్లకి టైము చాలలేదు పాపం. కుట్లు మాత్రం లక్షణంగా వేసింది. శుభ్రం చేసిపెట్టాను," అన్నారు గర్వంగా.

గుమ్మంలో అమ్మాయి చేతిలోంచి కార్డులు జారిపోయాయి.

"నాన్నా! ఆ దారాల కోసమే ఆ గౌను కుట్టాను!"

నాకు ఒళ్లు మండిపోయింది. "దిగండి ముందు! ఆ కత్తెరని కిటికీలోంచి గిరాటేస్తాను!"

ఆయన దిగి, తెల్లమొహం వేసుకుని నిలబడ్డారు. అమ్మాయి నేల మీద చతికిలబడి ఒక దారం చేతిలోకి తీసుకుంది.

"చిన్నప్పుడు నా గౌన్లు ఇలాగే ఉండేవి కదా నాన్నా. ఊళ్లోవాళ్లందరివీ అయ్యాక ఆఖర్న నాది కుట్టేవాడివి. దారాలు తీసే తీరికే ఉండేది కాదు నీకు. బళ్లో కూర్చుని వాటిని వేలికి చుట్టుకునేదాన్ని. నువ్వు ఇంకా కుడుతూనే ఉన్నావనిపించేది."

నిజమే. ముక్కూమొహం తెలియనివాడి కాలరు బాగుచేసిన మనిషి, కన్నకూతురి గౌను ఏనాడూ బాగుచెయ్యలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కోపం ఎటు పోయిందో!

"ఇరవై ఏళ్లు ఆలస్యమైందమ్మా," అన్నారు.

అది ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "ఇన్నాళ్లకి తీరిక దొరికిందన్నమాట!"

చీపురు తీసుకోబోతే నన్ను ఆపింది. దారాలని పడ్డచోటే ఉంచి, తన పేరున్న కార్డు అడుగున పెన్నుతో ఇంకో ముక్క రాసింది: "దారాలు తీసినది: నాన్న."

సాయంత్రం జనం బాగానే వచ్చారు. ఆ దారాలు ఎవరూ తొక్కకుండా ఈయన కాపలా కాశారు. వాళ్లు నోరు తెరవకముందే, "బాగుంది కదండీ? మా అమ్మాయి చేసింది!" అని ఒకటే హడావిడి. దూరంగా నిలబడ్డ అమ్మాయి చెవులు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

బయల్దేరబోతూ ఇద్దరం ఒకేసారి చూశాం. గౌను అంచు వెనకాల ఒక దారం తప్పించుకుని వేలాడుతోంది. ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

"అదొక్కటి ఉండనీవే," అన్నారు. "మన బొత్తాం వేలికి చుట్టుకుంటుంది."