క్యాథరిన్ పేరు మీద ఇద్దరు

మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మా అవ్వకు ముగ్గురు పిల్లలం. అన్న ఫిలిప్, అక్క క్యాథరిన్, నేను స్తుతి. ముగ్గురిలో అవ్వకు ఎక్కువ ఇష్టమైనది చనిపోయిన పిల్ల. ఈ మాట అక్కసుతోనే అంటున్నాను, దాచుకునేదేమీ లేదు. పదో తరగతి పాసైన ఏడాదే అక్క డెంగీ జ్వరంతో పోయింది. ఉన్నన్నాళ్లూ నాకూ ఆమెకూ జుట్లు పట్టుకునే కొట్లాట. పోయాక ఆమెతో పోటీ పడడం నా వల్ల కాలేదు. చనిపోయిన వాళ్లు తప్పులు చేయరు కదా.

చొప్పదండిలో మా చర్చి సంఘం సమాధుల తోటలో అక్కను పెట్టి వచ్చారు. అవ్వ సమాధి మీద రాయి వేయనివ్వలేదు, ఆఫీసులో మరణం రాయించనివ్వలేదు. రేషన్ కార్డులో పేరు తీయిద్దామని మా బాపు సామ్యూల్ బయలుదేరితే వాకిట్లో అడ్డంగా కూర్చుంది.

"నా బిడ్డ పేరు కొట్టేస్తే నన్ను గూడ కొట్టేయి" అంది.

బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు. మా ఇంట్లో చట్టమంటే అవ్వే.

కొన్నేళ్లకు అన్న కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరు పనికి పోయాడు. అదే ఇంట్లో వంటపని చేసే శ్రీలంక పిల్ల నిల్మిణి. ఇద్దరికీ కలిసిన భాష అరబ్బీ, అదీ వంటింటి అరబ్బీ. అన్న ఆమెను వెంటబెట్టుకుని ఊరికి వచ్చిన రోజు వాడకట్టంతా మా వాకిట్లోనే ఉంది. ఎవరి పిల్లో, ఏ మతమో అని గుసగుసలు. అవ్వ మాత్రం ఆ పిల్లను చూస్తూ నిలబడిపోయింది. సన్నటి మెడ, పొడుగాటి జడ, నవ్వొస్తే చేత్తో నోరు మూసుకోవడం. నిజానికి అక్కతో పెద్ద పోలికేం లేదు. ఆ పోలిక అవ్వకే కనిపించింది.

పెళ్లికి ముందు పాస్టరు ప్రేమ్‌చంద్‌గారు ఆమెకు బాప్తిస్మం ఇచ్చాడు. బయటినుంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్న వాళ్లకు కొత్త పేరు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఏం పేరు పెడదామని ఆయన అడిగాడో లేదో, అవ్వ అందరికంటే ముందు "క్యాథరిన్" అంది. ఆయన అదే పేరు పెట్టాడు. పెళ్లి రిజిస్టరులోనూ ఆ పేరే ఎక్కింది. అక్కడితో ఆగినా బాగుండేది.

ఆమె వీసా గడువు తీరే వేళకు బాపుకు ఒక ఉపాయం తోచింది. రేషన్ కార్డులో క్యాథరిన్ పేరు ఉండనే ఉంది. పెట్టెలో అక్క పదో తరగతి మెమో ఉంది. ఆ రెండూ పట్టుకుపోయి, వదిన ఫోటోతో, వదిన వేలిముద్రలతో, సామ్యూల్ కూతురు క్యాథరిన్ అని ఆధార్ తీయించాడు.

"ఉన్న పేరే, ఉన్న ఇల్లే. కొత్తగ ఎవలను మోసం జేస్తున్నం?" అన్నాడు.

మా బాపు అబద్ధమాడే మనిషి కాదు. ఇది అబద్ధమని ఆయనకు తోచనే లేదు. కోడలంటే కూతురే అని లోకమంతా ఊరికే అంటుంది. మావాళ్లు ఆ మాటను కాగితం మీద పెట్టారు.

కూతురు షారోను పుట్టింది. అన్న మళ్లీ కువైట్ పోయాడు. బాపు చనిపోయాడు. వదిన నేర్చుకున్న తెలుగంతా అవ్వ తెలుగే. అవ్వ మోకాళ్లకు నూనె రాసేది ఆమే, చర్చికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది ఆమే. కరీంనగర్‌లో నా కుట్టు మిషన్ దగ్గరినుంచి పండక్కి పోతే నేనే ఆ ఇంటికి చుట్టాన్ని. అన్నేళ్లలో అవ్వ నోట నిల్మిణి అన్న మాట ఒక్కసారీ రాలేదు.

పోయిన వానాకాలం శ్రీలంకనుంచి ఫోన్ వచ్చింది. వదిన తల్లికి కడుపులో గడ్డ. ముదిరిపోయింది, మందుల్లేవు, బిడ్డను చూడాలంటోంది. వదిన షారోనును వెంటేసుకుని కరీంనగర్‌లో నా దగ్గరికి వచ్చింది.

"స్తుతీ, నేను పోవాలె. పోయి మల్ల రావాలె. పోకుంటే మా అమ్మ నన్ను చూడకనే కండ్లు మూస్తది. రాకుంటే షారోను ఏమైతది? రెండూ కావాలె నాకు" అంది.

కోర్టు ఎదురుగా భానుప్రసాద్ వకీలు గల్ఫ్ కేసులు చూస్తాడు. ఆయన ముందు కాగితాల సంచి బోర్లించాను.

"పెండ్లప్పుడు పేరు మారింది సార్. పేరు మార్పిడి చేయించుకుంటె అయిపాయె గద?"

"గంతే. పాస్‌పోర్టు కావాలె, పెండ్లి సర్టిఫికెట్ కావాలె, నోటరీ ముంగట అఫిడవిట్ ఇయ్యాలె. పేపర్లల్ల ప్రకటన ఏసి గెజిట్ తీస్తరు. కొత్త పేరు మీద పాస్‌పోర్టు, గా పాస్‌పోర్టు మీద భార్య వీసా. పరేషాన్ గావద్దు" అంటూనే ఆధార్ తీశాడు. రేషన్ కార్డు తీశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఫిలిప్, తండ్రి సామ్యూల్. క్యాథరిన్, తండ్రి సామ్యూల్. అమ్మా, గీ కాగితాలు జూస్తే మీ అన్న సొంత చెల్లెను చేసుకున్నడు."

వదిన తల వంచుకుంది. అక్క పోయిన సంగతి, ఆ పేరు మీద బాపు ఆధార్ తీయించిన సంగతి నేను చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు.

"మీరు పేరు మార్చుకోలే తల్లీ, ఇంకో మనిషయిండ్రు. ముందుగాల ఆ మనిషి లేదని రుజువు గావాలె."

మొదట తేలిక దారి వెతికాం. ప్రేమ్‌చంద్‌గారు రిటైరై ఆదిలాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పత్తి సీజను మొదలైంది. బస్సంతా పత్తి బేరాల మాటలే, సగం తెలుగు సగం మరాఠీ. ఆయన మమ్మల్ని చూసి గుర్తుపట్టాడు. నిల్మిణికి క్యాథరిన్ అని పేరు పెట్టి పెళ్లి చేసింది తానేనని రాసిచ్చాడు.

"గిది పెండ్లి సంగతి. మీ అక్కను మట్టిల పెట్టింది గూడ నేనే, అది గూడ రాసిస్త. గని తల్లి బతికుండంగ నా మాట ఎవలు ఇంటరు? ఎలీసబెతమ్మ నోటితోనే రావాలె" అన్నాడు.

ఎలీసబెతు మా అవ్వ పేరు. ఆమె నోటితో ఆ మాట రావడమంటే గోదారి వెనక్కి పారడమే అనుకున్నాను. అయినా అడిగాను.

"నా బిడ్డ కండ్ల ముంగట వంట జేస్తాంది. సచ్చిందని నన్ను ఏలుముద్ర పెట్టుమంటవా?"

"అవ్వా, అక్క సచ్చిపోయింది. ఈమె నిల్మిణి."

చేతిలో ఉన్న గ్లాసు నా మీదికి విసిరింది. "గా పేరు నా ఇంట్ల తియ్యకు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా ఏదో అనబోతే వదిన నన్ను బయటికి లాక్కొచ్చింది.

"అవ్వను ఏమనకు స్తుతీ. నాకు గీ పేరుతోనే ఇల్లు దొరికింది" అంది. ఆ ఇల్లే ఇప్పుడు ఆమెకు అడ్డం పడింది.

ఆ ఆదివారం చర్చినుంచి వచ్చాక వదిన వాళ్ల ఊరికి వీడియో కాల్ చేసింది. తెర మీద ఎముకల గూడులాంటి ముసలామె. మాట కన్నా ఎగశ్వాసే ఎక్కువ వినిపిస్తోంది. వదిన వెనకాల మా అవ్వ ఉందని పక్కనున్నవాళ్లు చెప్పగానే ఆమె రెండు చేతులూ ఎలాగో దగ్గరికి తెచ్చి దండం పెట్టింది. ఆ తర్వాత ఒకటే పిలుపు. నిల్మిణీ, నిల్మిణీ.

"ఏమంటాంది?" అని అవ్వ అడిగింది.

"నన్నే పిలుస్తాంది అవ్వా. కండ్లు కనవడ్తలెవ్వట. నేనేనా అని అడుగుతాంది."

అవ్వ గడప మీద కూలబడింది.

"నా బిడ్డను గూడ నేను గిట్లనే పిలిచిన. పలుకలే. నువ్వు పలుకు బిడ్డా. నేనే అని చెప్పు" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "రేపు గా ఆఫీసుకు తీస్కపో" అంది.

ఏళ్లు దాటిన మరణం రాయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఆ ఆఫీసులో అవ్వను నిలబెట్టి అడిగారు.

"క్యాథరిన్ నీకేమైతది?"

"బిడ్డ."

"ఉన్నదా?"

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లేదు సారు."

"మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తే లేకుంట పోతదని."

నాకు మా అవ్వ మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. ఆమె పక్కన అన్నేళ్లు ఉండి కూడా ఆమె మోస్తున్నదేమిటో నాకు తెలియలేదు.

ఆఫీసువాళ్లు పంచనామాకు సమాధుల తోటకు వచ్చారు. గోతి తవ్విన బాలమల్లు సాక్షి. రాయి లేదు, గుర్తు లేదు, ఎక్కడ చూసినా గడ్డి. బాలమల్లు కూడా తటపటాయించాడు. అవ్వ చెప్పులు విడిచి, నేరుగా నడిచి ఒకచోట ఆగింది. "గిదే" అంది. ఆధార్ సంగతి అడిగితే సామ్యూల్ మీద వేయమని, చచ్చినోళ్ల మీద కేసు నడవదని వకీలు ముందే చెప్పి ఉన్నాడు. అలాగే చెప్పాను. నా బాపును నా నోటితోనే దొంగను చేశాను.

అక్క మరణ ధ్రువపత్రం వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, దానితోపాటే క్యాథరిన్ ఆధార్ చచ్చిపోయింది. రేషన్ షాపులో వదిన వేలు పెడితే మిషను తీసుకోలేదు. డీలరు సదానందం తెర చూసి నవ్వాడు.

"అక్కా, నువ్వు లేవట గదా!"

వరుసలో వాళ్లూ నవ్వారు. వదిన ఖాళీ సంచితో ఇంటికి వచ్చింది.

ఇక మిగిలింది నిల్మిణి. వీసా లేకుండా ఇన్నేళ్లు దేశంలో ఉండిపోయిన పరాయి దేశస్థురాలు. హైదరాబాద్ చుట్టూ తిరిగి తిరిగి వెళ్లిపోవడానికి అనుమతి సంపాదించాం. గడువు దాటి ఉన్నందుకు మళ్లీ రాకుండా ఆమె పేరును నిషేధం జాబితాలో పెట్టారు.

"పోనిచ్చుడు నేను జేసిన. రానిచ్చుడు నా చేతుల లేదు" అన్నాడు వకీలు.

పిల్లను వెంట పంపుదామంటే అదీ కుదరలేదు. షారోను జనన పత్రంలో తల్లి పేరు క్యాథరిన్. ఆ క్యాథరిన్ పిల్ల పుట్టకముందే చనిపోయినట్టు ఇప్పుడు మేమే రుజువు చేశాం. చచ్చిన తల్లికి పుట్టిన పిల్లకు పాస్‌పోర్టు ఎవరిస్తారు? అన్న కువైట్‌నుంచి ఫోన్ చేసి, "ఏదన్న జెయ్యి చెల్లే" అని ఏడ్చాడు. చేయగలిగినదంతా చేయబట్టే ఇలా అయిందని అతనికి చెప్పలేకపోయాను.

వదిన పోవడానికే ఒప్పుకుంది. వెళ్లేరోజు షారోనుకు జడలు వేసి, బడికి పంపి, ఆ తర్వాత బయలుదేరింది. అవ్వ కాళ్లకు మొక్కితే అవ్వ లేపి నుదురు ముద్దు పెట్టుకుంది. ఏ పేరుతోనూ పిలవలేదు.

తల్లి బతికుండగానే చేరింది. నిల్మిణీ అని పిలిస్తే పలికింది, చివరిదాకా పక్కనే కూర్చుంది. ఆ తర్వాత రాలేకపోయింది. వీసాకు పెట్టిన దరఖాస్తు తిరిగి వచ్చింది. వకీలు మళ్లీ పెడదామంటున్నాడు. రోజూ సాయంత్రం ఫోన్లో షారోనును లెక్కలు అడుగుతుంది, ఎక్కాలు చెప్పిస్తుంది.

సమాధుల పండుగ వచ్చింది. అక్కకు ఇప్పుడు రాయి ఉంది. అవ్వే వేయించింది. సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నాం. షారోను రాయి ముందు కూర్చుని అక్షరాలు కూడబలుక్కుంది. "క్యా... థ... రిన్." చేతిలో పూలు కింద పడేసింది.

"నాయినమ్మా, అమ్మ సచ్చిపోయిందా? మరి ఫోన్ల మాట్లాడేది ఎవలు?"

అవ్వ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. రాయి మీద అక్షరాలు చేత్తో తడిమింది.

"మీ అమ్మ పేరు గిది గాదు బిడ్డా. నిల్మిణి. మీ అమ్మ నిల్మిణి."

"మరి గీమె?"

"గీమె నా బిడ్డ. సచ్చిపోయింది."

వదిన అసలు పేరూ, అక్క చావూ అవ్వ నోట కలిసి రావడం అదే మొదలు. వినాల్సిన మనిషి మాత్రం సముద్రం అవతల ఉంది.