గొర్రెలు దిద్దిన పరీక్ష

వినడంలో పొరబడింది గొర్రెలు. తిట్లు పడింది జొర్నిత్సాకు.

బడిలో సంగీతం చెప్పే ఉద్యోగం మానేసి, ముప్పై తొమ్మిదేళ్ల జొర్నిత్సా గొర్రెల మెడగంటలు చేసే మించో తాత కొలిమిలో చేరి రెండేళ్లయింది. ఇనుప రేకు వంచి, ఇత్తడి తునకలు పెట్టి, పేడమట్టి పూసి కాల్చి, గంటల తరబడి అంచు మీద కొడితేగాని ఒక్క గంట పలకదు. సొంతంగా చేసిన మొదటి పని వూల్కో అనే కాపరి మందకు పదహారు గంటలు. మందలు కొండెక్కే గెయోర్గి పండగ దాటేలోగా వాటి మీద ఫిర్యాదు రాకపోతే, తాత తన గంటల మీద కొట్టే ముద్ర ఆమె చేతిలో పెడతాడు. వస్తే మళ్లీ బడే, మళ్లీ పిల్లల అపశ్రుతులే.

పండగనాడు మందలు బాల్కన్ కొండ ఎక్కాయి. సాయంత్రం ముందుగా దిగిన వూల్కో వెంట నూట ఎనభై గొర్రెలొచ్చాయి. పొద్దున తీసుకెళ్లినవి తొంభై. తర్వాత దిగిన మరో కాపరి గంచో వెంట అతని కుక్క ఒక్కటే వచ్చింది.

గొడవ ఊరితో సహా కొలిమి ముందుకొచ్చింది.

"దొంగ వెధవా! నా మందను పిలుచుకుపోతావా?"

"నేను నోరు విప్పితే ఒట్టు! వాటి కాళ్లతో అవే వచ్చాయి. పొమ్మంటే గొర్రెల్లా చూశాయి."

"మరి గొర్రెలు ఎద్దుల్లా చూస్తాయట్రా? గంటలు ఎలా ఉన్నాయో అది చెప్పు!" అన్నాడు మించో తాత.

"బ్రహ్మాండం," అన్నాడు వూల్కో. తొంభై గొర్రెలు ఎక్కువొస్తే ఎవరు మాత్రం మెచ్చుకోరు?

తాత రెండు మందలనూ ముందుండి నడిపించే పొట్టేళ్ల మెడగంటలు విప్పించాడు. గోడ వైపు తిరిగి నిలబడి, రెంటినీ మార్చి మార్చి కొట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ తన గంట ఏదో తప్పు చెప్పాడు.

"ఏం చేశావమ్మాయ్?"

"కొండ మీద అన్నిటికన్నా బాగా పలికేవి గంచో అన్న గంటలే తాతా, మీరు చేసినవి. వెంట్రుకవాసి తేడా లేకుండా వాటితో శ్రుతి కలిపాను."

"బడిలో అందరూ ఒకే శ్రుతి. కొండ మీద ఏ మంద శ్రుతి దానిది. సుత్తి తీసుకో."

జొర్నిత్సా తన పదహారు గంటలూ విప్పించి, శ్రుతి మారేదాకా వాటి అంచులు కొట్టింది. జీవితంలో తను చేసిన అతి అందమైన పదహారు స్వరాలను వరసగా పాడుచేసింది. తిరిగి మెడకెక్కిన గంటతో వూల్కో పొట్టేలు కదిలితే సరిగ్గా తొంభై గొర్రెలు కదిలాయి. మిగతావి తీరిగ్గా గంచో వైపు నడిచాయి.

తాత ముద్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దీనికి ముద్రా?" గంచో అరిచాడు. "నా మంద పోగొట్టినందుకా?"

"అందరూ వినండి," అన్నాడు తాత. "ఈ గంచో గొర్రెలు, వీటి తల్లులు, అమ్మమ్మలు అన్నీ నా గంట వెంటే నడిచాయి. ఈ రోజు ఈమె గంట విని నాదే అనుకున్నాయి. పరీక్ష పెట్టింది నేను, దిద్దింది అవి. ఇక తప్పంటారా, కొత్త మందకు కొత్త శ్రుతి కట్టాలని నేను ఈమెకు చెప్పలేదు. నా గంటను ఇంత అచ్చంగా ఎవరైనా చేయగలరని నాకు తోస్తేగా చెప్పడానికి!"