కుట్టు లోపలి గుడ్డ

ఏటా ఎండాకాలంలో ఆమె సెలవు కాయితం పట్టుకుని డిపోలో కంట్రోలరు బల్ల ముందు నిలబడేది. సిటీ బస్సులో తొమ్మిదేళ్లుగా కండక్టరు. కంట్రోలరు పెద్దాయన, అందరికీ బాబాయే. కళ్లజోడు మీదుగా చూసి, "సరస్సుకేనా?" అని అడిగేవాడు.

"సరస్సుకే బాబాయ్."

"ఈ ఏడు కూడా నాలుగేళ్ల పిల్లవేనా?"

"మరేం చెయ్యను?"

"సరే, నీళ్ల దగ్గర జాగ్రత్త. అక్కడ నీకు ఈత కూడా రాదు," అని సంతకం గిలికేవాడు.

సంగతేమిటంటే, ఆమెకి నాలుగేళ్లప్పుడు అమ్మా నాన్నా మొదటిసారి ఆ సరస్సుకి తీసుకెళ్లారు. మరుసటేడు వెళ్తే, సరస్సు ముందున్న చిన్న వంతెన బస్సు దాటగానే ఐదేళ్లది కాస్తా మళ్లీ నాలుగేళ్లదైపోయింది. అమ్మ, "అయ్యో, పాత చెప్పులు తేవాల్సింది," అని నొచ్చుకుంది, అంతే. ఇంటికొస్తూ వంతెన దాటాక మళ్లీ ఐదేళ్లు. పదేళ్లప్పుడూ, పాతికేళ్లప్పుడూ ఇదే తంతు. గెస్ట్‌హౌసు గుమాస్తా పుస్తకంలో ఏటా "పెద్దలిద్దరు, పాప ఒకతె" అని రాసుకునేవాడు. బాతు పడవల దగ్గర ఆమెకి అర టికెట్టు. వెళ్లేటప్పుడు వదులు నైటీ వేసుకోవడం, సూట్‌కేసులో ఒక పక్క చిన్న గౌన్లూ ఒక పక్క పెద్ద బట్టలూ సర్దుకోవడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

ఈ ఏడు ఆమెకి ముప్పై మూడు.

ఇష్టం లేక వెళ్లేదా అంటే, అదీ కాదు. ఇష్టమే, గొడవంతా అక్కడే ఉంది. ఊళ్లో వాళ్ల మూడు గదుల ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకోరు. నాన్న ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి. అమ్మ ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నడుముకి తాడు, తాడుకి కత్తెర. స్నానానికి తప్ప అది ఒంటి మీంచి దిగదు. "ఆయన్ని అన్నానికి రమ్మను," అని అమ్మ కూతురితో అంటుంది. "తర్వాత తింటానని ఆవిడతో చెప్పు," అని నాన్న కూతురితో అంటాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు! డ్యూటీ నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చిన కూతురు ఇంట్లో కూడా ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోయాలి. ఇక ఆ కూతురితో సొంతంగా మాట్లాడాలంటే నాన్నకి ఒకటే మాట, "ఊఁ".

అదే నాన్న వంతెన దాటగానే, "బుజ్జీ!" అని భుజాల మీదకెత్తుకుంటాడు. గుర్రంలా సకిలిస్తాడు. అమ్మ ఒక చెయ్యీ, నాన్న ఒక చెయ్యీ పట్టుకుని ఉయ్యాల ఊపుతూ ఒడ్డంతా నడుస్తారు. ఊపేటప్పుడు ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఏడాదిలో ఆ ఏడు రోజులే వాళ్లు మొగుడూ పెళ్లాలు. పదిహేనేళ్లప్పుడు ఒకసారి, "నేను రానే," అంటే అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒళ్లు చిన్నదైనా బుర్ర పెద్దదే, కానీ అది రోజురోజుకీ పలచబడుతుంది. అందుకే రోజూ పొద్దున్నే ఆమె తన బస్సు దారిలో స్టాపులు లెక్కపెట్టుకునేది. మిల్లు గేటు, పాత పోస్టాఫీసు, ఆస్పత్రి, గడియారం స్తంభం, అలా పదిహేడు. మొదటి రోజు పదిహేడూ వస్తాయి. అయిదో రోజుకి పదకొండు. ఏడో రోజు బస్సెక్కేస్తారు కనక సరిపోయేది. ఇంకా ఉంటే ఏమవుతుందో ఆమెకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

ఈసారి మరీ తొందర. సోమవారం పొద్దున ఏడింటికి డ్రైవరు ట్రయల్. తొమ్మిదేళ్లు వెంటపడితే దక్కింది. నేరుగా డిపోకే వెళ్లాలని, మోకాళ్ల కిందికొచ్చే కొత్త ఖాకీ కోటు సూట్‌కేసులో పెట్టుకుంది. అది అమ్మ చేత్తో కుట్టినదే.

నాలుగో రోజు పడవ దిగాక నాన్న గెస్ట్‌హౌసు వైపు తిరగలేదు. ఆమెని ఎత్తుకుని ఒడ్డు వెంట నడిచి, పసుపు రంగు గేటున్న రెండు గదుల ఇంటి ముందు ఆగాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆయన పోయిన నెలే రిటైరయ్యాడు.

"బుజ్జీ, ఇదేనే మనిల్లు."

"ఎన్ని లోజులకి?" ఆమెకి అక్కడ నాలుక తిరగదు.

"రోజులేంటే పిచ్చితల్లీ. ఇంక ఎప్పటికీ ఇక్కడే. మీ అమ్మా, నేనూ, నువ్వూ."

"నాకు సోమవాలం ట్లయల్ ఉంది నాన్నా. నేను వెళ్లాలి."

"విన్నావుటే?" అని నాన్న పగలబడి నవ్వాడు. "ట్లయలంట! ఇంకోసారి అను, నా తల్లీ." అమ్మ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కూతురు నేల మీద కాళ్లు తన్ని ఏడ్చింది. ఎండకి చిరాకు పడుతోందని ఐస్‌క్రీము కొనిచ్చారు.

మర్నాడు పడవల రేవు దగ్గరున్న పోలీసాయన దగ్గరికి వెళ్లి ప్యాంటు పట్టుకుని లాగింది. "నాకు ముప్పై మూలేళ్లు."

"తెలుసమ్మా. ఏటా చూస్తూనే ఉన్నాగా," అన్నాడాయన మర్యాదగా. "కానీ ఇక్కడ నాలుగేళ్లే కదా. నాలుగేళ్ల పిల్లని అమ్మానాన్నల్ని కాదని ఎలా పంపను, నువ్వే చెప్పు." చెప్పి ఒక బిస్కెట్టు చేతిలో పెట్టాడు. ఏడుపొచ్చింది, కానీ బిస్కెట్టు బావుంది. అది బావుందనిపించినందుకు ఇంకా భయమేసింది.

ఆరో రోజు పొద్దున స్టాపులు లెక్కపెడితే ఏడే వచ్చాయి. గడియారం స్తంభం ఆస్పత్రికి ముందో వెనకో తెలియలేదు. వరండాలోకి వస్తే అమ్మ ఒళ్లో ఖాకీ కోటు ఉంది. తన పెద్ద బట్టలు మిగతావన్నీ నాన్న ముందురోజే ఎవరికో ఇచ్చేశాడు. ఇక ఆ కోటొక్కటే. అదీ లేకపోతే వంతెన ఎలా దాటుతుంది? నాలుగేళ్ల గౌనుతో ఎక్కి, నడిబస్సులో ముప్పై మూడేళ్ల ఆడది ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడాలి. నాన్నకి ఆ సంగతి తెలుసు. తెలిసే, "కోసి గౌను కుట్టెయ్," అని పురమాయించాడు.

"అమ్మా, అది నా కోటు."

"నీకే కుడుతున్నా."

"కోసేశావా?"

అమ్మ నడుము దగ్గరి కత్తెర అందుకుని దారం చివర కత్తిరించింది. "చేతులెత్తు."

గౌను ఒంటికి సరిగ్గానే ఉంది గానీ మోత బరువు. లోపల మందంగా ఏదో మోకాళ్లకి తగులుతోంది.

"బలువుగా ఉందమ్మా."

"ఎదిగే పిల్లవి. కుట్టు లోపల గుడ్డ వదలాలి," అంది అమ్మ, గుండీ పెడుతూ.

"ఇంకెక్కడ ఎదుగుతుందే మన బుజ్జి!" అని కుర్చీలోంచి నాన్న నవ్వాడు. ఈసారి అమ్మ నవ్వలేదు. కూతురికి మాత్రం కోటు పోయిందనే అర్థమైంది. అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ చేతిని కొరికింది కూడా.

ఏడో రోజుకి మూడు స్టాపులే మిగిలాయి. ఇంక ఒంటి మీద గుడ్డున్నా లేకపోయినా వెళ్లిపోవాల్సిందే అనుకుంది, రేపటికి ఆ అనుకోవడం కూడా మిగలదని. అదృష్టం, బస్సు వాళ్ల రూలొకటి ఇంకా గుర్తుంది: తోడులేని పిల్ల బస్సులో దొరికితే దారిలో దింపకూడదు. డిపోకి తెచ్చి అప్పగించి సంతకం తీసుకోవాలి. తొమ్మిదేళ్లలో ఆమె అలా ఆరుగురు పిల్లల్ని అప్పగించింది. మధ్యాహ్నం నాన్న గుర్రు పెడుతున్నాడు. ఆమె మెట్లు దిగుతుంటే అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఎక్కడికే?"

"బాతుల దగ్గలికి."

"దూరం పోకు," అంది అమ్మ. తల ఎత్తలేదు.

ఒక పెద్ద కుటుంబం బిలబిలమంటూ ఎక్కుతుంటే వాళ్ల కాళ్ల మధ్యన దూరి, ఆఖరి సీటు కింద పడుకుంది. బస్సు కదిలిన కాసేపటికే కండక్టరమ్మాయి చూసేసింది. కొత్త పిల్ల, కంగారుపడిపోయింది. "ఎవరి పాపండీ? అన్నా, ఆపన్నా, ఇక్కడే దింపేద్దాం."

"దాలిలో దింపకూలదు," అంది సీటు కింద నుంచి. "డిపోలో ఇచ్చి సంతకం తీసుకోవాలి."

"అవును సుమా," అంది కండక్టరమ్మాయి. "పోనీ అన్నా."

వంతెన సగానికి రాగానే పట్, పట్‌మని కుట్లు తెగడం మొదలైంది. అన్నీ పొడుగు పొడుగు టాకాలు, లాగితే ఊడొచ్చేవి. కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి సీటు కింద కాళ్లు పట్టడం లేదు. ఒంటి మీద ఖాకీ కోటు భుజాల నుంచి మోకాళ్ల కింది దాకా నిండుగా ఉంది. ఎక్కడా కత్తెర గాటు లేదు. చేతులూ అంచూ అన్నీ మడతేసి లోపలికి తోసి టాకాలేసిందే తప్ప, అమ్మ ఒక్క అంగుళం గుడ్డ కొయ్యలేదు.

"మేడం, ఫుల్ టికెట్టు తీసుకోండి," అంది కండక్టరమ్మాయి.

డిపోలో బాబాయ్ పుస్తకం తెరిచాడు. "తప్పిపోయిన పాప ఒకతె. తీసుకున్నవారు?"

"నేనే బాబాయ్."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

సోమవారం ట్రయల్ పాసైంది.

నాలుగేళ్లయింది. సరస్సుకి మళ్లీ వెళ్లలేదు. వెళ్తే తిరిగి ఎవరు తెస్తారు? నెలకోసారి అమ్మ ఫోను. "తిన్నావా?" "తిన్నా. నాన్న?" "ఉన్నారు." పక్కనుంచి నాన్న గొంతు వినిపిస్తుంది, "బుజ్జేనా? బుజ్జి అయితేనే ఇవ్వు." అమ్మ, "కాదండీ," అని పెట్టేస్తుంది. ఆ గుడ్డ అమ్మ కావాలనే వదిలిందా, టైలరు చేతి అలవాటుకొద్దీ వదిలిందా? ఈ ఒక్క ప్రశ్నా ఆమెని నాలుగేళ్లు తినేసింది. ఫోనులో అడిగే వీలు లేదు.

ఈ ఏడు సరస్సు రూటు ఆమెకే పడింది. బాబాయ్ డ్యూటీ చార్టులో, "వంతెన దగ్గర డ్రైవరు మారాలి," అని రాశాడు. నాలుగేళ్ల పిల్ల బస్సు నడపకూడదు కదా. ఆమె వంతెన ఇవతల దిగిపోతుంది, ఇంకో డ్రైవరు సరస్సు దాకా తీసుకెళ్లి తెస్తాడు. అప్పటిదాకా ఇవతల బెంచీ మీద కూర్చుంటుంది.

మొదటి రోజే వచ్చారు. అమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ వంతెన అవతలి కొసన ఆగింది. కుర్చీలో నాన్న సగమైపోయాడు. చిన్న వంతెన, మామూలుగా మాట్లాడినా వినపడుతుంది.

"ఎవరే ఆ ఖాకీ ఆవిడ?" అన్నాడు నాన్న.

ఆమె లేచి నిలబడింది. అమ్మ చాలాసేపు చూసింది.

"డ్రైవరండీ."

"అడుగు. బుజ్జి ఏ బస్సుకొస్తుందో."

అమ్మ గొంతు పెంచింది. "ఏమ్మా, మా పాప ఈ బస్సులో వస్తుందా?"

నాన్నా నేనే, అనాలనుంది. అంటే ఏం లాభం? ఆయనకి కావాల్సింది తను కాదు.

"రాదండీ," అంది.

నాన్న కుర్చీ చేతిని ఠపీమని కొట్టాడు. "నువ్వే పోగొట్టావు దాన్ని! ఆ కోటు ముక్కలు చెయ్యమన్నానా లేదా? చేసుంటే ఎక్కడికి పోయేది నా తల్లి?"

"ఎన్నిసార్లు చెప్పనండీ," అంది అమ్మ. రోజూ చెప్పి అరిగిపోయిన మాటలా చెప్పింది. "ఆ వారం కత్తెర మర్చిపోయి వచ్చాను. అందుకే మడతేసి కుట్టాను."

అంటూనే అమ్మ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. తాడు అక్కడే ఉంది, తాడుకి కత్తెరా ఉంది. దాన్ని గుప్పిట్లో మూసుకుని కూతురి వైపు చూసింది. ఆ రోజు వరండాలో దారం చివర కత్తిరించింది ఆ కత్తెరే.

నాలుగేళ్ల ప్రశ్నకి జవాబు దొరికింది. దొరక్కపోతేనే బావుండేది. అలవాటుకొద్దీ వదిలిందనుకుంటే కోపం పెట్టుకుని హాయిగా బతికేయొచ్చు. ఇప్పుడా వీలూ లేదు. ఏడాదికి ఏడు రోజులు నవ్వే మొగుణ్ణి ఈ మనిషి చేతులారా వదులుకుని, అవతలే ఉండిపోయింది. మొగుడు ఇప్పుడు ఆవిడతో రోజూ మాట్లాడుతున్నాడు. మాట్లాడేదల్లా ఇదే.

"భుజం దగ్గర కుట్టు ఊడింది, చూసుకోమ్మా," అంది అమ్మ, పరాయి మనిషితో అన్నట్టు. కుర్చీ వెనక్కి తిప్పింది.

"కొత్తావిడలా ఉంది, ఆవిడకేం తెలుస్తుంది," అంటున్నాడు నాన్న. "రేపు మళ్లీ అడుగుదాం."

డ్యూటీ మార్చమని ఆమె బాబాయ్‌ని అడగలేదు. అమ్మని చూడ్డానికి ఇంకో దారి లేదు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఆమె ఇవతల దిగుతుంది, వాళ్లు అవతలికొస్తారు. అమ్మ అడుగుతుంది, మా పాప ఈ బస్సులో వస్తుందా అని. ఆమె లేచి నిలబడి, "రాదండీ," అంటుంది.