ఐదో నిమిషం

ఏడో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే లిఫ్టాయన ఎక్కేవాళ్లను చూడలేదు, చేతిలోని ఫోను చూశాడు. పదకొండు అంతస్తుల ఆ ఆఫీసు భవనంలో లిఫ్టు లోపలికి సిగ్నలు అందేది రెండే చోట్ల, ఏడులోనూ పదకొండులోనూ. తలుపులు తెరిచి ఉన్న ఆ కాస్త సేపట్లోనే ఏదొచ్చినా రావాలి. ఏమీ రాలేదు. 'మూడో కిటికీ' అనే ఆవిడ పేజీలో నిన్న రాసిన గోడ సంగతే ఉంది.

"లోపలికి జరగండి సార్, జరగండి. తలుపుకి అడ్డం నిలబడకండి" అంటూ ఫోను జేబులో పడేసి పదకొండు నొక్కాడు.

ఆయనకు యాభై ఆరేళ్లు. సన్నని మెడ, ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, ఎందుకంటే బొత్తాలు కుడివైపు ఎత్తున ఉంటాయి. కుడిచేతి చూపుడువేలి చివర గీతలన్నీ అరిగిపోయి గచ్చులా నున్నబడింది. ఆఫీసులో పనిచేసేవాళ్లలో సగం మందికి ఆయన మొహం తెలియదు. బొత్తాల వైపు తిరిగి కూర్చుంటాడు గనక వాళ్లు చూసేది ఆయన వీపునే. ఆయనకూ వాళ్ల మొహాలకంటే గొంతులే బాగా గుర్తు. కూర్చునేది చెక్క స్టూలు, ఆయనకు ముందు పనిచేసినవాడిది. మధ్యలో గుంట పడింది. ఒక కాలు పొట్టి, దాని కింద నాలుగు మడతలు వేసిన అట్టముక్క ఉంటుంది. ఇరవై ఏడేళ్లుగా పగలంతా ఆ స్టూలు మీదే, నాలుగడుగుల వెడల్పూ ఐదడుగుల లోతూ ఉన్న ఆ ఇనపపెట్టెలోనే. "గానుగెద్దు నయం, గుండ్రంగానైనా తిరుగుతుంది" అంటుంది ఆయన భార్య.

పెట్టెలో ఒక బోర్డు వేలాడుతుంది. పని వేళల్లో లిఫ్టు నడిపేవాడు లిఫ్టు వదిలి వెళ్లరాదు. ఎప్పుడో ఒకాయన టీకి వెళ్లినప్పుడు లోపల మనుషులు ఇరుక్కుపోయారట, అప్పటినుంచీ ఈ నియమం. వదిలితే మెమో. మూడు మెమోలైతే కాంట్రాక్టు పోయినట్టే. ఆయనకు ఇప్పటికి రెండు వచ్చాయి.

ఈ ఉద్యోగంలో ఆయనకు ఎదురుచూడటానికి ఏదైనా దొరికింది రెండేళ్ల కిందట. కరెంటు పోయి ఎనిమిదో అంతస్తుకీ తొమ్మిదికీ మధ్య లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపల ఆయనా తొమ్మిదో అంతస్తు కంప్యూటరాయనా ఇద్దరే ఉన్నారు. చీకట్లో రెండు గంటలు. కంప్యూటరాయన భయం పోగొట్టుకోవడానికి ఆపకుండా ఒక సైటు గురించి చెప్పుకుపోయాడు. అందులో ఎవరైనా రాయొచ్చు. చదివినవాళ్లు మెచ్చి ఓటేస్తే రాసినవాళ్లకు నాణేలు పడతాయి. చేత్తో పట్టుకునే నాణేలు కావు, కంప్యూటర్లలో పుట్టి కంప్యూటర్లలోనే తిరిగేవి. మర్నాడు ఆయనే వచ్చి లిఫ్టాయన ఫోనులో ఖాతా తెరిచిపెట్టి, యాభై ఒక్క అక్షరాల తాళం ఒకటి కాగితం మీద రాయించాడు. "ఇది పోతే ఎవరూ తెరవలేరు. కొత్తది ఇచ్చేవాడూ లేడు, అడగడానికి ఆఫీసూ లేదు. జాగ్రత్త" అని మరీ మరీ చెప్పాడు. తర్వాత ఆయనకు బదిలీ అయింది.

ఆ సైటులో 'కిటికీ' అని ఒక గుంపు ఉంది. రోజూ తమ కిటికీలోంచి కనిపించింది పది వాక్యాల్లో రాయాలి, అంతే. అందులో హాస్టల్లో వంటచేసే ఆవిడ ఉంది, గూడ్సు బండి గార్డు ఉన్నాడు. లిఫ్టాయన చేరుతానంటే, కిటికీయే లేనివాడికి ఈ గుంపులో ఏం పని అని ఒకడు అడ్డం తిరిగాడు. అప్పుడు గుంపు పెట్టిన కొత్తల్లో మూడో మనిషిగా చేరి 'మూడో కిటికీ' అని పేరు పెట్టుకున్న ఆవిడ ఒక్క మాట రాసింది: "ఆయన తలుపులు పదకొండు చోట్ల తెరుచుకుంటాయి. మీలో ఎవరికైనా పదకొండు కిటికీలుంటే అప్పుడు మాట్లాడండి." ఆ పూటే ఆయన్ని చేర్చుకున్నారు.

అలా ఆవిడ ఆయనకు అక్క అయింది. నడుం దెబ్బతిని ఆరేళ్లుగా మంచం మీద ఉంది. ఆవిడ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ ఒక్కటే, దాని మీద ఒక నీళ్ల గొట్టం. ఆరేళ్లుగా ఆ గోడ గురించే రాస్తోంది. పెచ్చు ఊడిన చోటు ఇవాళ ఒంటె మొహంలా ఉందనీ, బల్లి భార్యతో పోట్లాడి వేరే కాపురం పెట్టిందనీ. ఆయన ఏ అంతస్తులో ఏం చూశాడో రాస్తే, సరిగ్గా ఐదో నిమిషంలో ఆవిడ ఓటు పడేది. ఆ సైటులో ఐదు నిమిషాల తర్వాత వేసిన ఓటుకే విలువ ఎక్కువని అక్కడివాళ్లందరికీ తెలుసు. అక్క గడియారం చూసుకుంటూ తన కోసం కూర్చుంటుందని ఆయన అనుకునేవాడు. ఓటు తర్వాత ఏదో ఒక పూట, మెల్లగా, ఒక వాక్యం వచ్చేది. ఐదో అంతస్తులో ఎవరో గొడుగు మరిచిపోయారని రాసినరోజు "అది నాదే తమ్ముడూ, దాచిపెట్టు" అని వచ్చింది. ఆ మాట తలుచుకుని ఆయన నెలరోజులు లోపల్లోపల నవ్వుకున్నాడు.

"మా అమ్మానాన్నలకి మీరొక్కరే కదా. ఈ అక్క ఎక్కడినుంచి ఊడిపడింది?" అని భార్య దెప్పేది. ఆవిడ మాటలు ఎప్పుడూ అంతే, అత్తామామల్ని సొంత అమ్మానాన్నలంటుంది. "ఆ నాణేలు జేబులో వేసుకుంటే చప్పుడవుతాయా ఏమన్నా?" అని కూడా అనేది. ఒకసారి ఆయన వాటిని మార్చి ఆవిడకు కళ్లజోడు కొన్నాడు. అప్పటినుంచి వేళాకోళం తగ్గించింది గానీ మానలేదు.

ఆదివారంనాడు అక్క రాసింది: "గురువారం నాకు ఆపరేషన్ తమ్ముడూ. నాలుగింటికి తీసుకెళ్తారట. ఈ లోపల ఒక్కటి అడుగుతాను. మీ పదకొండో అంతస్తు పైన డాబా ఉంటుంది కదా. ఎక్కి ఆకాశం చూసి చెప్పు. ఫోటో వద్దు, ఫోటోలు బోలెడు చూశాను. నుంచుని చూసి వచ్చెయ్యకు, కూర్చుని చూడు. నా బదులు కూడా కాసేపు కూర్చో."

సోమవారం పై అధికారులు వచ్చారు. మంగళవారం భయమేసింది. బుధవారం కూడా భయమే, కానీ దానికి వాన అని పేరు పెట్టాడు. ఇవాళ పొద్దున భార్య డబ్బా చేతికిస్తూ, "ఆలస్యం అమృతం విషం అంటారు. ఇరవై రెండు మెట్లే కదండీ, ఎక్కి దిగలేరా? పోతే ఉద్యోగం పోతుంది, ఇద్దరం కలిసి కుట్టుమిషను తొక్కుదాం" అంది. ఆవిడకు అక్క అంటే కోపమనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

ఇవాళ గురువారం.

పదింటికి ట్యాంకు మనిషి ఎక్కాడు. డాబా మీది నీళ్ల ట్యాంకు చూసేది అతనే, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటాడు.

"బావా, డాబా తాళం ఒక్క పావుగంట ఇస్తావా?"

"ఎందుకు, దూకుతావా? చెప్పి దూకు, కింద స్కూటరు పెట్టుకున్నాను."

"నీ మొహం. ఆకాశం చూడాలి."

ట్యాంకు మనిషి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇరవై ఏడేళ్ల తర్వాత గుర్తొచ్చిందా అది ఉందని? ట్యాంకు కడిగి మూడింటికి దిగుతాను. అప్పుడు తీసుకో. సూపర్వైజరుకి దొరికితే మాత్రం నేనివ్వలేదు, నువ్వు కొట్టేశావు."

పన్నెండింటికి ఏడులో చూశాడు, పదకొండులో చూశాడు. అక్క ఇవాళ గోడ గురించి రాయలేదు. ఆపరేషన్ రోజు కదా, ఏం రాస్తుంది అనుకున్నాడు. ఒంటిగంటకు కింద తలుపులు సగం మూసుకుని అన్నం తింటుంటే గంట మోగింది. ఎడంచేత్తో బొత్తం నొక్కి, కుడిచేతి ముద్దతోనే నాలుగో అంతస్తుకి వెళ్లొచ్చాడు. రెండింటికి ఫైళ్ల బండి ఎక్కింది, దాని చక్రం ఆయన కాలి మీదుగా పోయింది. రెండున్నరకు సూపర్వైజరు ఎక్కి, అద్దం మీద వేలిముద్రలు చూపించి, తుడవమని చెప్పి దిగాడు. నాలుగు దాటిపోతుందేమోనని ఆయన ఫోనులో టైము చూసుకుంటూనే ఉన్నాడు.

మూడూ పదికి ట్యాంకు మనిషి తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి ఏమీ ఎరగనట్టు దిగిపోయాడు. లిఫ్టాయన పదకొండో అంతస్తులో లిఫ్టు ఆపి, మీట కిందికి వేశాడు. ఒక కాలు బయట పెట్టాడు. కూర్చుని చూడమన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చి స్టూలు చంకన పెట్టుకున్నాడు. ఇరవై రెండు మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు కలుక్కుమన్నాయి.

డాబా మీద ఏమీ లేదు. ట్యాంకు, విరిగిన కుర్చీల గుట్ట, నిన్నటి వాన నీళ్లు. ఆయన ట్యాంకు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. స్టూలు ఒకవైపు ఊగింది, అట్టముక్క లిఫ్టులోనే ఉండిపోయింది. తల ఎత్తితే ఎక్కడా అడ్డం తగలలేదు. అలవాటు లేక కళ్లు తిరిగాయి. కాసేపు ఊరికే కూర్చున్నాడు, అక్క బదులు ఇంకాసేపు కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసి, అరిగిపోయిన వేలు సరిగా పలక్కపోతే బొటనవేలితో రాశాడు.

"అక్కా, ఎక్కాను. కూర్చునే చూస్తున్నాను. ఆకాశం నేననుకున్నంత నీలంగా లేదు. ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగులో ఉంది. అంచుల్లో మాత్రం ఇంకా కాస్త రంగు మిగిలింది. మేఘాలు రెండే, ఒకటి పోతోంది, ఒకటి ఎటు పోవాలో తేల్చుకోలేదు. విమానం ఒకటి పోయింది, చప్పుడు అది దాటిపోయాక వచ్చింది. ఇక్కడ గాలికి ఎవరి వాసనా లేదు. ఆపరేషన్ అయ్యాక నువ్వు లేచి నడిస్తే, ఈ మెట్లు నేను చెయ్యి పట్టి ఎక్కిస్తాను. ఎక్కడున్నావో చెప్పు, వచ్చి తీసుకొస్తాను."

మూడూ ఇరవై ఏడుకి పెట్టాడు. పావుగంట దాటిపోయిందని తెలుసు, అయినా కదల్లేదు. మూడూ ముప్ఫై రెండుకి, సరిగ్గా ఐదో నిమిషంలో, ఓటు పడింది. మూడో కిటికీ. ఆయన లేచి నిలబడి చిన్నపిల్లాడిలా ఫోనుని గుండెకి ఆనించుకున్నాడు. చదివింది. తీసుకెళ్లేలోపే చదివింది. అదే సమయంలో కింద లిఫ్టు గంట మోగడం మొదలై ఆగకుండా మోగింది. ఆయన తలుపు తాళం వేసి మెట్లు దిగుతూ ఉంటే చేతులు ఖాళీగా ఉన్నాయన్న సంగతి కూడా తోచలేదు.

"ఇరవై రెండు నిమిషాలు! లిఫ్టు ఏ స్వర్గానికి పోయిందయ్యా?" అని సూపర్వైజరు కింద కేకలేశాడు. "రేపు పొద్దున మెమో తీసుకో. మూడోది. లెక్క నీకే తెలుసు."

"తెలుసండి" అన్నాడు లిఫ్టాయన. ఆయన నవ్వుతూ అనేసరికి సూపర్వైజరుకి ఇంకా మండింది.

ఆ తర్వాత గంటన్నర ఆయన నిలబడే నడిపాడు. జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేడు. ఐదింటికి ఆఫీసు వదిలారు. పదకొండు మందిని ఎక్కించుకుని ఏడులో ఆగినప్పుడు ఫోను మూలిగింది. ఆయన పోస్టు కింద ఎవరో కొత్త పేరుతో రాశారు.

"నేను మూడో కిటికీ వాళ్ల కోడల్ని బాబాయిగారూ. అత్తయ్య ఇవాళ పొద్దున ఆరింటికి పోయారు, నిద్రలోనే. ఆవిడ ఓటు చూసి మీరు పొరబడతారని రాస్తున్నాను. ఆవిడ చేతులు సరిగా ఆడేవి కావు. తను నిద్రపోయినా తమ్ముడికి ఓటు తప్పకూడదని, మీరు పెట్టిన ఐదో నిమిషానికి దానంతటదే పడేట్టు పోయినేడాది నా చేత పెట్టించారు. మాటలు మాత్రం తనే చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఆ తాళం రాసిన కాగితం ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉండేది, ఇప్పుడు ఎక్కడుందో తెలీదు, కాబట్టి ఆ ఓట్లు ఆపడం మా చేతుల్లో లేదు. నిన్న సాయంత్రం కూడా అడిగారు, తమ్ముడు పైకెక్కాడా అని. రేపెక్కుతాడు అత్తయ్యా అన్నాను."

తలుపులు మూసుకున్నాయి. ఆరు. ఐదు. వెనక ఎవరో ఎల్లుండి సెలవు గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన బొత్తాల వైపు తిరిగి ఏడ్చాడు. వీపు కదలకుండా ఏడవడం ఆయనకు వచ్చు, ఈ పెట్టెలోనే నేర్చుకున్నాడు. మూడు రోజులు, ఇరవై రెండు మెట్లు. సోమవారం ఎక్కితే వినేది. బుధవారం వానలో ఎక్కినా వినేది, వాన గురించి ఇంకా బాగా వినేది. దేనికి భయపడ్డాడో ఆ మెమో ఎలాగూ వచ్చింది. రేపు రాసినా, ఎల్లుండి రాసినా ఐదో నిమిషంలో ఆ ఓటు పడుతూనే ఉంటుంది. ఆ తర్వాత మాట రాదు.

కిందికి వచ్చి అందర్నీ దింపాడు. ఎవరూ ఆయన మొహం చూడలేదు. ఆఖర్న సూపర్వైజరు లిఫ్టు లోపలికి తల పెట్టి, రోజూలాగే మీటా, దీపమూ, ఫ్యానూ చూసుకున్నాడు. నేలమీద మడత పెట్టిన అట్టముక్క ఒక్కటే ఉంది.

"స్టూలేదయ్యా?"

"పైన డాబా మీద ఉంది సార్."

"వెళ్లి తెచ్చుకో మరి. అది ఆఫీసు సామాను."

లిఫ్టాయన కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడు కుదరదు సార్" అన్నాడు. "అక్క కూర్చుంది."

సూపర్వైజరు మొదటిసారి ఆ మొహం చూశాడు.

పదకొండు అంతస్తుల పైన, ట్యాంకు పక్కన, కాలి కింద అట్టముక్క లేని ఆ స్టూలు కాస్త ఒరిగి, ఆకాశం కిందే ఉంది.